తిరిగి ఫోన్ చేస్తాం

సుమయాకు ఈ మధ్య తన గొంతంటేనే భయం పట్టుకుంది.

ఆ గొంతు ఇప్పుడు ఆమె ఒక్కదానిదే కాదు. వేసవి మొదట్లో ఆఫీసులో ఒక గదికి దుప్పట్లు కట్టి, చప్పుడు రాకుండా చేసి, ఆమెను అందులో కూర్చోబెట్టి కాగితాల మీది వాక్యాలు చదివించారు. డాక్టరు గారు సాయంత్రం ఉంటారండి, మీ పేరు చెప్పండి, ఇలాంటివే అన్నీ. ఆ కాసిని వాక్యాల నుంచి యంత్రం ఆమె గొంతు నేర్చేసుకుంది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ అనని మాటలు కూడా ఆమె గొంతుతోనే అనడం మొదలుపెట్టింది. మొదటిసారి విన్నప్పుడు సుమయాకు, అద్దంలో బొమ్మ తనకంటే ముందు నవ్వినట్టు అనిపించింది.

ఆమె పనిచేసేది తెనాలి బోసు రోడ్డు పక్క సందులో, స్టీలు సామాన్ల కొట్టు మీద ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. రోజూ పొద్దున రేపల్లెలో రైలెక్కి వస్తుంది, సాయంత్రం రైలుకి తిరిగి వెళ్తుంది. యజమాని జగన్నాథరావు గారు ఒకప్పుడు అదే గదుల్లో శుభలేఖలు అచ్చు వేసేవారు. జనం ఫోన్లలోనే శుభలేఖలు పంపుకోవడం మొదలయ్యాక ప్రెస్సు అమ్మేసి, కంప్యూటర్లు కొని, ఊళ్లో కొట్లకీ కాలేజీలకీ వెబ్‌సైట్లు చేసిపెట్టసాగారు. ఇప్పుడు దానికీ కాలం చెల్లిందని ఆయన దిగులు. వెబ్‌సైటు తెరిచి చదివే ఓపిక ఎవరికీ లేదనీ, ఇక అంతా నోటితో అడగడమూ చెవితో వినడమూ అనీ ఎక్కడో విని వచ్చారు. అందుకే ఈ మాట్లాడే యంత్రం. తెనాలిలోనే ఉన్న ఒక కాన్పుల ఆసుపత్రి వాళ్లు ముందుగా ఒప్పుకున్నారు. ఆసుపత్రి నంబరుకు ఎవరు ఫోన్ చేసినా ఇక యంత్రమే ఎత్తుతుంది.

దానికి లక్ష్మి అని పేరు పెట్టారు, ఫోన్ ఎత్తగానే ఆ పేరే చెబుతుంది. ప్రతి ఇంట్లోనూ ఒక లక్ష్మి ఉంటుంది కాబట్టి జనానికి పరాయిగా అనిపించదని జగన్నాథరావు గారి లెక్క. గొంతే ఇచ్చేశాక పేరు కోసం పేచీ పెట్టడం బాగుండదని సుమయా అనుకుంది.

ఇంట్లో వాళ్లమ్మ మస్తాన్ బీ సరదాపడి, యంత్రాన్ని పరీక్షిస్తున్న రోజుల్లో ఒకసారి దాని పరీక్ష నంబరుకు ఫోన్ చేసింది. అన్నం తిన్నావా అని అడిగితే తిన్నానండి అంది యంత్రం. "నా కూతురే అనుకున్నానే. అండి అనేసరికి తెలిసింది" అని ఆవిడ పడీపడీ నవ్వింది. సుమయాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. అండి అనకపోతే కన్నతల్లికి కూడా తేడా తెలిసేది కాదన్నమాట.

పక్క కుర్చీలో కూర్చునే హేమంత్‌ది కర్లపాలెం దగ్గర పల్లె. భయాన్ని పెంచడమే పనిగా పెట్టుకున్నాడా అన్నట్టు ఉండేవాడు. ప్రపంచంలో ఏ మూల కొత్త సంగతి వచ్చినా పొద్దున్నే ఫోన్లో చూసి ఆఫీసంతా చాటేవాడు. ఈ వారం బొమ్మలు గీసేవాళ్లు అక్కర్లేదంట అనేవాడు. వచ్చే వారం ప్రోగ్రాములు రాసేవాళ్లు అక్కర్లేదంట అనేవాడు. చెబుతూ చెబుతూ సుమయా డబ్బాలోంచి కూర తీసుకునేవాడు.

"మన ఉద్యోగాలు పోయాక సూర్యలంక ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాలుద్దాం. నేను విసురుతా, నువ్వు కేకలెయ్యి" అన్నాడు ఒకరోజు.

"కేకలు కూడా అదే వేస్తదిలే, నా గొంతుతో" అంది సుమయా.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ రైల్లో ఆ మాటే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. నాన్న అన్సార్ మోటార్లకు వైండింగు చేస్తాడు. ఇప్పటికే చూపు మందగించింది. తన జీతం ఆగితే ఇల్లు ఎలా అన్న భయం ఒకటి. దానికంటే లోతుగా, పేరు పెట్టలేని భయం ఇంకొకటి. ఎవరైనా ఏదైనా అడిగితే, తెలిసినా తెలియకపోయినా, ఇంత మెత్తగా ఇంత ధైర్యంగా జవాబు చెప్పే గొంతును జనం నమ్మేస్తారు. నమ్మాక ఏమవుతుంది?

ఆ యంత్రానికి ఒక కట్టుబాటు మాత్రం పెట్టారు. డాక్టరు ఉన్నారా, ఎన్నింటికి రావాలి లాంటి ప్రశ్నలకు అదే చెబుతుంది. నొప్పి అనో, రక్తం అనో, ఒంట్లో బాగాలేదనో ఎవరైనా అంటే వైద్యం గురించి సొంతంగా ఏమీ చెప్పకూడదు. కంగారు పడకండి, నర్సు గారు మీకు తిరిగి ఫోన్ చేస్తారు, ఫోన్ దగ్గరే ఉండండి అని చెప్పి, ఆ సంగతి వెంటనే హెడ్ నర్సు కుసుమకుమారి ఫోనుకు మెసేజీ పంపాలి. పరీక్షల సమయంలో ఆవిడను విసిగించడం ఎందుకని, ఆ మెసేజీలన్నీ సుమయా బల్ల సొరుగులో ఉన్న ఒక పాత ఫోనుకు వచ్చేట్టు పెట్టుకున్నారు. మొదలుపెట్టే రోజున ఆ నంబరు తీసేసి కుసుమకుమారి నంబరు పెట్టాలి. అంతే పని.

ఏళ్ల తరబడి శుభలేఖలు అచ్చు వేసిన మనిషి కాబట్టి జగన్నాథరావు గారికి ముహూర్తాలు నోటికి వచ్చు. కొత్త కంప్యూటరు కొన్నా, కొత్త కుర్చీ కొన్నా మంచి ఘడియ చూడనిదే దాని మీద చెయ్యి వెయ్యనివ్వరు. లక్ష్మికి జ్యేష్ఠంలో ఆఖరి మంచి రోజు కుదిరింది. అది దాటితే ఆషాఢం, మళ్లీ శ్రావణం దాకా ఆగాలి. ఆ గురువారం పొద్దున సుమయా ఇంకా సరిచూసుకుంటూ ఉండగానే పూజారి గారు తొందరపెట్టారు. ఒక్క నంబరు మార్చాలి సార్ అని ఆమె అంటే, ఘడియ దాటిపోతుంది, మిగతాది తర్వాత చూసుకోవచ్చని జగన్నాథరావు గారు ఆమె చేతనే మీట నొక్కించారు. కొబ్బరికాయ కొట్టారు. ఆసుపత్రి డాక్టరు గారు వచ్చారు. ఫొటోలు తీశారు. యంత్రం చేత నమస్కారం చెప్పించి అందరూ చప్పట్లు కొట్టారు. పులిహోర పంచారు. అంతలో ఒక కాలేజీ వెబ్‌సైటు ఆగిపోయిందని ఫోన్ వస్తే సుమయా, హేమంత్ సాయంత్రం దాకా దానితోనే కుస్తీ పట్టారు.

నంబరు సంగతి ఆమె మనసులోంచి పూర్తిగా జారిపోయింది.

మర్నాడు శుక్రవారం. జగన్నాథరావు గారు ఆనందంతో కాలు ఒకచోట నిలపలేకపోతున్నారు. యంత్రం ఎన్నో ఫోన్లకు జవాబు చెప్పింది, నర్సు దాకా ఒక్కటీ వెళ్లలేదు. ఇంకో ఆసుపత్రి వాళ్లకు ఈ ముక్క చెబితే ఎగిరి గంతేస్తారని ఆయన మురిసిపోతున్నారు. అందరూ అన్నాలు తిని కూర్చున్నాక కుసుమకుమారి ఆసుపత్రి నుంచి సుమయాకు ఫోన్ చేసింది. వయసులో పెద్దది, హాస్యం మనిషి.

"ఏంటి సుమయమ్మా, మీ లక్ష్మి వచ్చి నా ఉద్యోగం ఊడగొట్టిందా? నిన్నటి నుంచి నా ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. కడుపుతో ఉన్నోళ్లందరికీ ఒక్కసారిగా ఒళ్లు బాగైపోయిందా ఏంటి?"

సుమయా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సొరుగు లాగింది. పాత ఫోను బోర్లా పడి ఉంది, మోత లేకుండా. తిప్పి చూస్తే తెర నిండా మెసేజీలు. ఒకామెకు వాంతులు. ఒకామెకు మాత్రల అనుమానం. ఒకామె ఊరికే నర్సుతో మాట్లాడాలంది. వేలితో పైకి జరుపుతుంటే ఒకచోట చూపు ఆగిపోయింది. పొద్దున్నే, ఆమె ఇంకా రేపల్లెలో రైలు కూడా ఎక్కని వేళ వచ్చింది అది. తేజస్వి, ఎనిమిదో నెల, రాత్రి నుంచి కడుపులో బిడ్డ కదలడం లేదు, తల్లి ఫోన్ చేశారు, తిరిగి ఫోన్ చేయగలరు.

యంత్రం తప్పేమీ చెయ్యలేదు. చెప్పమన్నది చెప్పింది, పంపమన్న చోటికి పంపింది.

ఆ మెసేజీ చదివి వినిపిస్తే అవతల కుసుమకుమారి గొంతులో హాస్యం ఆరిపోయింది. "వెంటనే రమ్మనాల్సిన కేసమ్మా ఇది. పొద్దున్నుంచీ ఆగకూడదు. నేను చేస్తున్నా, నువ్వూ చెయ్యి" అని పెట్టేసింది.

సుమయా ఆ నంబరుకు ఫోన్ చేసింది. మోగింది. కట్ చేశారు. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేశారు. హేమంత్ తన ఫోన్ నుంచి చేశాడు, అదీ అంతే. మూడోసారికి ఆ నంబర్లేవీ కలవకుండా బ్లాక్ చేసేశారు. కుసుమకుమారి మళ్లీ ఫోన్ చేసి తనకూ ఇదే అనుభవమంది. ఎందుకో సుమయాకు కాసేపటికి గాని తట్టలేదు. వాళ్లు ఎదురుచూస్తున్నది ఆసుపత్రి నంబరు కోసం. ఆ నంబరు ఇప్పుడు యంత్రం చేతిలో ఉంది. దానికి ఫోన్ ఎత్తడమే వచ్చు, చెయ్యడం ఇంకా నేర్పలేదు. ఆసుపత్రిలో పాత ఫోను తీసి పక్కన పెట్టేశారు. తెలియని నంబర్లు ఎత్తవద్దని, దొంగలు డబ్బు లాగేస్తున్నారని ఊరూవాడా చెబుతున్న రోజులు. ఆ ఇంట్లో ఎవరో ఫోన్ చేతిలో పట్టుకుని ఆసుపత్రి పిలుపు కోసమే కాచుకు కూర్చుని, పిలిచే వాళ్లనందరినీ దొంగలనుకుని కట్ చేస్తున్నారు.

ఆసుపత్రి రికార్డులో తేజస్వి భర్త నంబరు ఉంది. అతను రైలింజన్లో అసిస్టెంటు డ్రైవరు. డ్యూటీలో ఉంటే ఫోన్ ఆపేస్తారు. ఆగిపోయే ఉంది. ఇంటి అడ్రసు తెనాలిదే, కానీ కుసుమకుమారి అడ్డం పడింది. "అక్కడ ఎందుకుంటది? తొలి కాన్పు. పోయిన నెల చేతుల నిండా గాజులతో వచ్చి, పుట్టింటికి వెళ్తున్నా సిస్టర్ అని చెప్పింది. కర్లపాలెం దాటాక ఏదో ఊరంది. వాళ్లమ్మ పేరు శేషారత్నం."

కంప్యూటర్లో పుట్టింటి అడ్రసుకు చోటు పెట్టాలని వాళ్లెవరికీ తోచలేదు. కర్లపాలెం మాట వినగానే హేమంత్ వాళ్ల నాన్న హనుమయ్యకు ఫోన్ చేశాడు. హనుమయ్య ఎవరెవరినో అడిగి ఊరి పేరు చెప్పాడు. ఆయన గుంటూరులో ఉన్నాడు, లేకపోతే తనే వెళ్లేవాడు; ఆ ఊళ్లో ఉన్నవాళ్ల నంబరేదీ దొరకలేదు.

సుమయా బ్యాగు తగిలించుకుంది. జగన్నాథరావు గారు మెట్ల దగ్గర అడ్డం వచ్చారు. ఆయన మొహం కూడా పాలిపోయింది.

"నువ్వు వెళ్లి ఏం చేస్తావమ్మా? ముందు నంబరు మార్చు. ఏమన్నా జరక్కూడనిది జరిగితే నువ్వు అక్కడ ఉండటం ఇంకా ప్రమాదం."

"నంబరు మార్చాను సార్. వాళ్లు ఫోన్ ఎత్తట్లేదు. ఇంకెలా చెప్పాలి సార్?" అంది సుమయా. ఆయనతో ఎదురు మాట్లాడటం అదే మొదటిసారి. మాట్లాడినట్టు కూడా ఆమెకు తెలియలేదు.

స్టేషన్లో బాపట్ల వైపు వెళ్లే రైలు కదలబోతుంటే ఎక్కింది. సీటు దొరికినా కూర్చోలేకపోయింది. తలుపు దగ్గర నిలబడి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తూనే ఉంది. పొన్నూరు దాటేదాకా కిటికీల అవతల దుక్కి చేసిన పొలాలు, కాలవ గట్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. ఎన్నిసార్లో చూసిన దారి ఈసారి ఎంతకీ తరగలేదు. చుట్టూ అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒకాయన మోగుతున్న ఫోన్ను చూసి, తెలియని నంబరని మొహం చిట్లించి కట్ చేశాడు. సుమయాకు అరవాలనిపించింది. ఎత్తండి బాబాయ్, ఎవరో ఏమో, ఎవరి ప్రాణమో. ఆమె అరవలేదు. అసలు ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

మనుషులు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు, యంత్రం చెబితే అందరూ వింటున్నారు. ఇన్నాళ్లూ ఉద్యోగం పోతుందని భయపడ్డాను, ఎంత చిన్న భయం అది, అనుకుంది. రాత్రి నుంచి కదలని బిడ్డ. తన గొంతు కంగారు వద్దని చెబితే ఆ తల్లి కంగారు మానేసి కూర్చుంది. గొంతు గరగరలాడినా, తడబడినా ఆ తల్లికి అనుమానం వచ్చేదేమో. వెంటనే ఏ ఆటోనో ఎక్కించి ఏదో ఒక ఆసుపత్రికి తీసుకుపోయేది. మెత్తగా ఉండటమే దాని నేరం. ఆ మెత్తదనం తనది.

బాపట్లలో దిగి పరుగున బయటికి వచ్చి ఆటో మాట్లాడింది. డ్రైవరు నాగుల్ మీరా, తెల్లగడ్డం మనిషి. ఆమె పేరు అడిగి, రేపల్లెలో ఎవరి తాలూకని అడిగి, అన్సార్ కూతురివా అని తెలిసిన వాడిలా తలూపాడు. ఎందుకంత కంగారమ్మా అంటే సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన ఆటో వేగం పెంచాడు. ఆమె మొహం చూసి మనసు మళ్లించాలనుకున్నాడేమో, తన కథ చెప్పాడు.

"ఎవరూ ఎత్తరమ్మా ఈ రోజుల్లో. నాకూ వచ్చింది ఒక ఫోను. నా పేరు మీద ఢిల్లీలో ఏదో పార్సిలు దొరికిందంట, నన్ను అరెస్టు చేస్తారంట. నేను ఢిల్లీ ఎక్కడ చూశాను తల్లీ, చీరాల చూసే ఏడాదైంది."

మామూలు రోజైతే సుమయా నవ్వేది.

కర్లపాలెం దాటి, జీడిమామిడి తోటల పక్కనుంచి మట్టి దారిలో పోయి, రెండు చోట్ల అడిగి ఆ ఇంటి ముందు ఆగారు. చిన్న డాబా. ముందు రేకుల పంచ. పంచలో ప్లాస్టిక్ కుర్చీలో నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో ఫోను, దాని మీద రెండు చేతులూ వేసి ఉంచింది, ఎగిరిపోతుందేమో అన్నట్టు.

ఆటో దిగిన కొత్త మనిషిని చూసి ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఎవరు, ఏం కావాలి అని లేచి నిలబడింది. వాకిట్లోనే ఆపేసే చూపు అది.

"తేజస్వి అక్క ఎలా ఉందండి? ఆసుపత్రి వాళ్ల తరఫున వచ్చానండి" అంది సుమయా.

ఆవిడ మొహం ఒక్కసారిగా మారిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండడుగులు ముందుకు వచ్చి సుమయా చెయ్యి పట్టుకుంది.

"లక్ష్మివా తల్లీ? ఫోన్ చేస్తానంటివి. చేస్తావు చేస్తావని చూస్తా ఉన్నాను. మనిషివే వచ్చావా?"

సుమయా నోరు తెరిచింది. కాదని చెప్పాలి. చెబితే ఎవరివని అడుగుతుంది. మరి పొద్దున మాట్లాడింది ఎవరని అడుగుతుంది. యంత్రమంటే ఏంటో చెప్పాలి. అప్పటికి ఎంత సేపవుతుంది? ఆ చెయ్యి ఆమె చేతిని పట్టుకున్న తీరు చూస్తే, ఈ గొంతు ఏం చెబితే అది చేసేట్టు ఉంది. ఇంకెవరు వచ్చి రమ్మన్నా ఈవిడ అంత తేలిగ్గా కదలదు.

"అక్కని లేపండి పిన్నీ. బాపట్ల వెళ్దాం, ఆటో ఉంది. తెనాలి దాకా వద్దు" అంది.

అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. యంత్రం కూడా ఇంతే చేసింది కదా అని ఒక ఆలోచన సూదిలా గుచ్చుకుంది.

తేజస్వి లోపలి గదిలో పక్కకు తిరిగి పడుకుని ఉంది. తన ఈడు పిల్లే. చేతులకు ఆ గాజులు ఇంకా ఉన్నాయి. నొప్పేమీ లేదనీ, చల్లటి నీళ్లు తాగి చూశాననీ, అయినా తన్నడం లేదనీ నీరసంగా చెప్పింది. తండ్రి రొయ్యల చెరువు మీద ఉన్నాడు, కబురు పెట్టమని పక్కింటి వాళ్లకు చెప్పి ముగ్గురూ ఆటో ఎక్కారు. దారి పొడుగునా నాగుల్ మీరా ఒక్క మాట మాట్లాడలేదు. గుంట వచ్చినచోటల్లా ఆటోను పసిపిల్లను దించినట్టు దించాడు. శేషారత్నం మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఏవేవో నంబర్ల నుంచి దొంగ ఫోన్లు వచ్చాయనీ, ఒక్కటీ ఎత్తలేదనీ, లైను ఖాళీగా ఉంచాననీ, అల్లుడికి కూడా చెయ్యలేదనీ గొప్పగా చెప్పింది. ఆ ఫోన్లలో సగం తనవే అని సుమయా చెప్పలేకపోయింది. బయటికి చూస్తూ కూర్చుంది.

బాపట్లలో కనబడిన మొదటి కాన్పుల ఆసుపత్రికి తీసుకుపోయారు. లేడీ డాక్టరు వెంటనే లోపలికి తీసుకుంది. తలుపు సగం తెరిచే ఉంది. కడుపు మీద యంత్రం పెట్టి వెతుకుతుంటే గరగర చప్పుడు వచ్చింది. గుండె చప్పుడు రాలేదు. కొంచెం జరిపారు. మళ్లీ గరగర. సుమయా మనసులో అల్లాను తలుచుకుంది, మాటలు గుర్తురాక పేరొక్కటే తలుచుకుంది. అప్పుడు వినబడింది. టక్, టక్ అని, ఎక్కడో దూరాన ఎవరో అలిసిపోయి నడుస్తున్నట్టు.

డాక్టరు బయటికి వచ్చింది. బిడ్డ గుండె బాగా నెమ్మదిగా కొట్టుకుంటోందనీ, ఇప్పుడే ఆపరేషన్ చేసి బయటికి తియ్యాలనీ, నెలలు నిండలేదు కాబట్టి ఏ మాటా ఇవ్వలేననీ చెప్పింది. ఎందుకింత ఆలస్యం చేశారని అడిగింది. సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది.

శేషారత్నం కాగితం తీసుకుని డాక్టరు వైపు చూడలేదు. సుమయా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు లక్ష్మీ. పెట్టమంటావా? నువ్వు పెట్టమంటే పెడతా."

సుమయా ఇంతవరకూ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఒక్క మాట అంటే అయిపోతుంది. పెట్టండి పిన్నీ అంటే చాలు. కానీ రేపు ఆ బిడ్డకు ఏమన్నా అయితే, ఈ తల్లి జీవితాంతం లక్ష్మి పెట్టమంది అనుకుంటుంది. లేని మనిషి మీద ఆనుకుని ఒక బిడ్డ ప్రాణం ఎలా ఉంటుంది?

"నేను లక్ష్మిని కాదు పిన్నీ. నా పేరు సుమయా. నేను నర్సుని కూడా కాను, నాకు ఆపరేషన్ల గురించి ఏమీ తెలీదు. కంప్యూటర్ పని చేస్తాను. మీరు పొద్దున చెప్పిన కబురు నా సొరుగులో పడి ఉంది, నేను చూసుకోలేదు. ఆలస్యం నా వల్లే అయింది. డాక్టరు గారిని అడగండి పిన్నీ, నన్ను అడగొద్దు."

ఇన్ని మాటలు ఆమె ఒక్కసారిగా ఎవరితోనూ అనలేదు. గొంతు బొంగురుపోయి, మధ్యలో రెండుసార్లు తెగింది.

శేషారత్నం ఆమె వంక అర్థం కానట్టు చూసింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. డాక్టరు వైపు తిరిగి, తల్లికి ప్రమాదం లేదు కదా అని అడిగింది. ఇంకేదో అడిగింది. డాక్టరు ఓపిగ్గా చెప్పింది. శేషారత్నం సంతకం పెట్టి కాగితం తిరిగి ఇచ్చేసింది.

తర్వాత బల్ల మీద ఈ చివర ఆవిడ, ఆ చివర సుమయా. నాగుల్ మీరా వెళ్లిపోకుండా గేటు దగ్గరే ఆటోలో కూర్చున్నాడు. జగన్నాథరావు గారు ఫోన్ చేస్తే బతికే ఉన్నారు సార్ అని మాత్రం చెప్పి పెట్టేసింది. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. పసిబిడ్డ ఏడుపు కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, వీధిలో వెళ్లే ప్రతి హారనూ ఏడుపులాగే వినిపించింది.

ఏడుపు వినబడలేదు. నర్సు వచ్చి చెప్పింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు, కాసేపు పట్టింది. ఇప్పుడు ఊపిరి తీసుకుంటోంది. బాగా చిన్నది, అద్దాల పెట్టెలో పెట్టారు, రెండు మూడు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేరు. తల్లి బాగానే ఉంది.

శేషారత్నం దణ్ణం పెట్టింది, ఎవరికో తెలియదు. కళ్లు తుడుచుకుంది. సుమయా లేచి నిలబడింది, ఉండాలో వెళ్లాలో తెలియక. ఆవిడ తిడుతుందని, కొడుతుందని కూడా అనుకుంది. తిట్టినా బాగుండు అనుకుంది. ఆవిడ తిట్టలేదు. కూర్చోమని చేత్తో సైగ చేసింది. ఒళ్లోని ఫోను వైపు చూసింది.

"నువ్వు కాకపోతే మరి పొద్దున నాతో మాట్లాడింది ఎవరమ్మా?"

సుమయాకు యంత్రం అనాలనిపించింది. కానీ ఆవిడ అడుగుతున్నది అది కాదు.

"ఎవరూ కాదు పిన్నీ."

శేషారత్నం ఎక్కడో చలి తగిలినట్టు పైటను భుజాల చుట్టూ గట్టిగా లాక్కుంది. గొంతు తగ్గించి, ఎవరన్నా వింటారేమో అన్నట్టు అంది.

"నేను ఏడ్చానమ్మా దాని దగ్గర. ఏడవొద్దని ఎంత బాగా ఓదార్చిందో."